పానకాలు తెచ్చిన ఎండ

ఇది వాగుకీ పాత ఇటుకబట్టీకీ మధ్య జరిగిన సంగతి. నమ్మితే నమ్మండి, నమ్మకపోతే కాకి రత్తాలుని అడగండి. ఆవిడ మొదటినుంచి చివరిదాకా తుమ్మకొమ్మ మీద కూర్చుని అంతా చూసింది. మీరు అడక్కపోయినా చెబుతుంది.

బట్టీ మూతపడి చాలా ఏళ్లయింది. పనివాళ్లు వెళ్లిపోతూ ఒక మట్టిగోడల గది, పదో పదిహేనో పాత కుండలు వదిలేసి పోయారు. ఆ గది వెనక బొరియలో కుందేలు తిరపతమ్మ ఐదుగురు పిల్లలతో కాపురం ఉండేది. పగలంతా అక్కడే మేసే ముసలి ఎద్దు కోటప్ప ఆమెకి పెద్ద దిక్కు. ఏళ్ల తరబడి నాగలి లాగినవాడు కనక నేల సంగతి ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాకపోతే అడిగితేగానీ నోరు విప్పడు. ఆయన కొమ్ములకి భయపడి నక్క పానకాలు కూడా తిరపతమ్మ పిల్లల జోలికి వచ్చేవాడు కాదు.

పోయిన ఎండాకాలం తిరపతమ్మ ఇల్లు చాలా కష్టపడింది. గడ్డి మొత్తం ఎండిపోయింది. పిల్లలు రెల్లుదుబ్బులు నమిలి నమిలి పెదాలు కోసుకున్నారు. ఈ ఏడు అలా జరగనివ్వకూడదని ఆమె గట్టిగా అనుకుంది. సరిగ్గా అప్పుడే సంతకి పోయే బండిమీంచి ఒక దోసపండు జారిపడి పగిలింది. పిల్లలు గుజ్జంతా నాకేశారు. తిరపతమ్మ గింజలు ఏరి, ఆరబెట్టి, కోటప్ప దగ్గరికి పరిగెత్తింది.

"పెదనాన్నా, ఇవి నాటితే ఎండలు ముదిరేసరికి కాయలొస్తాయా?"

"ఎందుకు రావమ్మాయ్! కానీ ఇది మేకలమంద పోయే దారి. లేతాకు కనబడితే చప్పరించేస్తాయి. నాలుగాకులు వేసేదాకా కుండల్లో పెంచు. అదిగో ఆ దిబ్బలో మాగిన పేడుంది, మట్టిలో కలుపుకో. పచ్చిపేడ వెయ్యమాక, ఆ వేడికి వేళ్లు మాడిపోతాయి."

తిరపతమ్మ ఎనిమిది కుండలు ఏరుకుంది. ఎనిమిదింటికీ అడుగున చిల్లులున్నాయి, అదీ మంచిదే, ఎక్కువైన నీళ్లు కారిపోతాయి. మట్టి, పేడ నింపి, కుండకొక గింజ నాటి, వాగునుంచి సొరబుర్రతో నీళ్లు మోసి పోసింది. ఐదోరోజుకి ఎనిమిదీ మొలిచాయి. పిల్లలు కుండల చుట్టూ గెంతులు వేశారు.

ఆ గెంతుల చప్పుడుకే పానకాలు వచ్చాడు. దోసపండంటే వాడికి ప్రాణం. పని అంటే మాత్రం ఒంటికి పడదు.

"అబ్బబ్బ, ఏం మొలకలు చెల్లెమ్మా!" అన్నాడు నక్కవినయంతో తల వంచి. "మరి ఇందులో నా పాలు ఎంత?"

"నీ పాలేందన్నా? గింజ నాది. నీళ్లు నేను మోస్తున్నా. పేడ పెదనాన్నది."

"అంతేనా? మొక్కకి నీళ్లూ పేడా ఉంటే చాలా? ఎండ అక్కర్లేదూ? గాలి అక్కర్లేదూ? కాళ్లు చాపుకోడానికి చోటు అక్కర్లేదూ?"

"అవీ కావాలిలే."

"మరి అవన్నీ తెచ్చేది ఎవరనుకున్నావ్? నేనే."

తిరపతమ్మ నోరు తెరుచుకుని చూసింది. "ఎండ నువ్వు తెస్తావా?"

"రోజూ తెల్లారుజామున నా కూత వినడంలేదూ? నేను కూస్తాను, పొద్దు పొడుస్తుంది. ఎన్నడైనా నా కూతకి ముందు పొడిచిందా, నీ పిల్లలమీద ఒట్టేసి చెప్పు."

తిరపతమ్మ బుర్ర గోక్కుంది. నిజమే. రోజూ నక్క కూతకే ఆమెకి మెలకువ వస్తుంది. బొరియలోంచి తల బయటపెట్టేసరికి తూర్పు ఎర్రగా ఉంటుంది. కూత ముందు, పొద్దు వెనక. ఇన్నేళ్లలో అది తప్పిన రోజు లేదు. పిచ్చిది, ఒకదాని వెనక ఒకటి వస్తే ముందుదే వెనకదాన్ని లాక్కొచ్చిందనుకుంది.

"మరి గాలో?"

"ఇదిగో" అని పానకాలు తోక ఊపాడు. పొద్దుటినుంచీ వీస్తున్న గాలే ఇంకాస్త వీచింది. "చోటంటావా, ఈ బీడంతా నేను తిరిగి తిరిగి కాపలా కాసిందే. మొక్కకి కావలసినవి ఐదు. మీరు తెచ్చేవి రెండు, నేను తెచ్చేవి మూడు. కాబట్టి ఐదు పండ్లు కాస్తే మూడు నావి, రెండు మీవి. న్యాయమా, కాదా?"

"నేను ఒప్పుకోకపోతే?"

"నాకేం పోయింది! రేపటినుంచి గొంతు మూసుకుని పడుకుంటా. పొద్దు పొడవక పిల్లలు చలికి వణికితే మాత్రం నన్నేమీ అనొద్దు."

ఆ మాటకి తిరపతమ్మ పిల్లల వైపు చూసింది. మొక్కలు సరే, పొద్దే పొడవకపోతే లోకం ఏంగాను? రత్తాలుని సాక్షిగా పెట్టుకుని సరేనంది. పానకాలు మీసాలు నాక్కుంటూ వెళ్లి నీడలో పడుకున్నాడు.

ఆ రోజు వాగు అవతలికి మేతకి పోయిన కోటప్ప సాయంత్రం రాగానే ముందు రత్తాలే నోరు విప్పింది. "పెద్దాయనా, నీ కూతురు నక్కతోక తొక్కిందనుకుంటా ఉంది. అసలు నక్కే దీని తోక తొక్కింది." ఆపైన జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది.

కోటప్ప నవ్వలేదు, కోప్పడలేదు. కాసేపు నెమరు వేశాడు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది పానకాలు యవ్వారం. సరేగానీ, మాటిచ్చావా అమ్మాయ్?"

"ఇచ్చాను పెదనాన్నా."

"అయితే మాట తప్పకూడదు. కుండలన్నీ ఆ గదిలోకి నెట్టు."

"గదిలోకా! అక్కడ చీకటి గదా?"

"చీకటే. నీళ్లు నువ్వు పొయ్యి, పేడ నేనిస్తా. మనవంతు రవ్వంత తక్కువ కాకూడదు. మిగతా మూడూ తెస్తానన్నాడుగా, తేనీ."

తిరపతమ్మకి ఆ మాట ఏమీ అర్థం కాలేదు. అయినా పెద్దవాడు చెప్పాడని కుండలన్నీ గదిలో వెనకగోడ వరకూ నెట్టింది. రోజూ నీళ్లు పోసింది. రెండోరోజుకి మొలకలు బారెడు మెడలు సాచి గుమ్మం వైపు వంగాయి. మూడోరోజుకి ఆకుల్లో పచ్చదనం పోయి పాలిపోయాయి. నాలుగోరోజు పొద్దున చూస్తే కాడలు దారప్పోగుల్లా అయ్యాయి. ఒక మొలకైతే తల నిలబెట్టలేక కుండ అంచుమీద వాలిపోయింది.

తిరపతమ్మ ఏడుస్తూ కోటప్ప మీదికి వెళ్లింది. "నీళ్లు పోశాను, పేడ వేశాను, అయినా చచ్చిపోతున్నాయి! నా పిల్లల నోటికాడ కూడుతో ఏంది నీ ఆటలు పెదనాన్నా?"

"వెలుతురు లేకపోతే మొక్కకి బువ్వ లేదమ్మాయ్. నువ్వు పోసే నీళ్లూ నేనిచ్చే పేడా దినుసులే. పొయ్యి వెలిగేది ఎండతోనే. ఆకులు ఎండలోనే వంట చేసుకుంటాయి." కోటప్ప ఆమె వీపు నాకి సముదాయించాడు. "ఇంకొక్క పూట ఓర్చుకో, ప్రాణం ఉంది వాటికి. ఇప్పుడు పిలిపించు వాణ్ణి."

రత్తాలు ఎగిరి వెళ్లి పిలుచుకొచ్చింది. పానకాలు ఆవులిస్తూ వచ్చి గదిలోకి తొంగి చూశాడు.

"ఇదేంది చెల్లెమ్మా, నా పండ్లు ఇట్లా పాలిపోయినయ్యేం?"

"అదే అడుగుదామని పిలిచాం అబ్బాయ్" అన్నాడు కోటప్ప. "నీళ్లు చేరినయ్యి. పేడ చేరింది. నీ ఎండే చేరలేదు."

"చేరకపోవడమేంది? పొద్దున కూశాను, పొద్దు పొడిచింది. బయట ఎండ బ్రహ్మాండంగా ఉంది, చూసుకోండి!"

"బయట ఉంటే మొక్కకేం లాభం? వాగులో నీళ్లూ ఉన్నాయి. అవిగో నీళ్లు, పోయి తాగమని ఈ పిల్ల మొక్కలకి చెప్పిందా? రోజుకి ఇరవైసార్లు సొరబుర్రతో మోసుకొచ్చి పోసింది. తేవడమంటే మొక్క దగ్గరికి తేవడం."

పానకాలు గుమ్మం బయటికి చూశాడు. వాడికి మాటలు కరువా, వెంటనే సర్దుకున్నాడు. "అయితే కుండలు బయట పెట్టండి, ఎండ అదే తగులుతుంది."

"అదే తగిలితే ఇంక నువ్వు తెచ్చేదేంది? నీ పాలేంది?" అన్నాడు కోటప్ప నెమ్మదిగా.

రత్తాలు పైనుంచి కావుమని నవ్వింది. పానకాలుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. ఎండ దానంతటదే వస్తుందంటే పండ్లు పోతాయి. తానే తెస్తున్నానంటే గదిలోకి మోయాలి. పగిలిన దోసపండు వాసన తలుచుకున్నాడు, నోట్లో నీళ్లూరాయి. ఆ నీళ్లే వాణ్ణి ముంచాయి.

"ఎండని గదిలోకి తెచ్చేకంటే మొక్కల్నే ఎండలోకి తీసుకెళితే సరిపోదూ? అదీ తెచ్చినట్టే గదా?"

"తెచ్చినట్టే. కానీ మోత నీది. పొద్దున బయటికి, మేకలొచ్చే వేళకి లోపలికి, అవి పోయాక మళ్లీ బయటికి."

అలా మొదలైంది పానకాలు ఉద్యోగం. కుండని మూతితో తోసేవాడు, వీపుతో నెట్టేవాడు. గుమ్మం దాటించేసరికి నాలుక బారెడు బయటికి వచ్చేది. ఎనిమిదోది బయటపెట్టి కూలబడేలోపు బట్టీగోడ నీడ జరిగి మొదటి మూడూ నీడలో పడేవి.

"మామా, నీడొచ్చింది!" అని అరిచేవాళ్లు కుందేలు పిల్లలు.

"వచ్చె వచ్చె!" అంటూ మళ్లీ నెట్టేవాడు.

"మేకలొస్తున్నయ్యి మామా!" అని అరిచేది రత్తాలు, మేకలు ఇంకా వాగు అవతల ఉండగానే.

ఒకరోజు గాలి బొత్తిగా ఆడలేదు. తిరపతమ్మ మర్యాదగా "గాలి కూడా నీదే గదన్నా" అంది. పానకాలు ఎనిమిది కుండల చుట్టూ తిరుగుతూ తోక ఊపీ ఊపీ, తోక మొదట్లో నొప్పి పుట్టి మూలిగాడు. మాటలు కోటలు దాటినంత తేలిక కాదు, కుండలు గడప దాటడం.

మొక్కలు మాత్రం వారం తిరిగేసరికి కళకళలాడాయి. మెడలు సర్దుకుని నిలబడ్డాయి, ఆకులు ముదురు పచ్చకి తిరిగాయి. వాలిపోయిన మొక్క కూడా తల ఎత్తింది. అది చూసి తిరపతమ్మ ఆ రోజు నీళ్లు మోస్తూ పాట పాడింది. కుండకి ఐదేసి ఆకులు వచ్చాయి.

కోటప్ప ఒక కుండని కాలిగిట్టతో పక్కకి వంచి చూశాడు. "అడుగు చిల్లులోంచి వేళ్లు బయటికొచ్చినయ్యి. చోటు చాలడంలేదు. ఇక నేలలో పెట్టాలి. అబ్బాయ్, చోటు ఎవరిది?"

పానకాలు అరికాళ్లు నాక్కున్నాడు.

"నాదే" అన్నాడు చివరికి, ఏడవలేక.

"అయితే గుంటలు తియ్యి. గుంటకీ గుంటకీ మధ్య నా నిలువు దూరం ఉండాలి. తీగలు పాకాలి, ఒకదాని తిండి ఒకటి లాక్కోకూడదు."

"పెద్దాయనా, ఎనిమిదీ ఒకే గుంటలో పెడితే? కలిసి మెలిసి ఉంటాయి గదా!"

"నిన్నూ ఇంకో ఏడు నక్కల్నీ ఒకే బొరియలో పెట్టి, రోజుకొక్క పీతని పడేస్తే ఎట్టా ఉంటారు?"

పానకాలు గుంటలు తీశాడు. తవ్వడం నక్కజాతికి పుట్టుకతో వచ్చిన విద్య. కానీ ఎదురుగా పీతా లేదు, ఎలకా లేదు, వట్టి గట్టినేల. ఎనిమిది గుంటలకి నాలుగు కాళ్ల గోళ్లూ అరిగాయి. కోటప్ప ముళ్లకంప ఈడ్చుకొచ్చి మేకలకి అడ్డంగా చుట్టూ వేశాడు. తిరపతమ్మ కుండ పగలగొట్టి, మట్టిగడ్డ చెదరకుండా ఒక్కో మొక్కనీ గుంటలో దించింది. ఆ గుంటల చోట పొద్దు పొడిచింది మొదలు కుంకేదాకా నీడన్నది లేదు.

"హమ్మయ్య" అని పానకాలు వెల్లకిలా పడ్డాడు. "ఇక మోత లేదు. పండ్లు కాసినప్పుడు లేపండి."

రెండురోజులు నిద్రపోయాడో లేదో తిరపతమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి పొరపాటు ఆమెదే. ఎన్ని నీళ్లు పోస్తే అన్ని కాయలనుకుని పగలంతా పోస్తూనే ఉంది. గుంటలు బురదగుంటలయ్యాయి, ఆకులు వేలాడిపోయాయి.

కోటప్ప ముందు ఆమెనే మందలించాడు. "నీళ్లు మంచివేగదా అని రోజంతా నీళ్లలో ముంచి ఉంచితే నువ్వు బతుకుతావా? వేళ్లు కూడా గాలి పీల్చుకుంటాయమ్మాయ్. మట్టిలో సందులుంటే అందులోంచే పీల్చుకునేది. ఆ సందులన్నీ నువ్వు నీళ్లతో మూసేశావు. మట్టి పొడిబారేదాకా ఆగు." తరువాత పానకాలు వైపు తిరిగాడు. "అబ్బాయ్, ఈ మట్టి ఆరితే గడ్డకడుతుంది. గుల్ల చెయ్యాలి. వేళ్లకి గాలి చేరాలి. గాలి నీదేగా?"

పానకాలు గుల్ల చేశాడు. వారం పోయాక పిచ్చిమొక్కలు మొలిచి తీగల చోటు ఆక్రమించాయి. చోటు ఎవరిది? పానకాలుదే. కలుపు తీయాల్సిందీ వాడే. అది తీసేలోపు మళ్లీ మట్టి గట్టిపడింది. మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తిమీద నిప్పులు పోస్తోంది. కుందేలు పిల్లలు వరసగా నిలబడి "మామా, అక్కడింకో గరికమొక్క!" అని చూపిస్తున్నారు.

పానకాలు పీకిన గరిక నేలకేసి కొట్టాడు.

"నా వల్ల కాదు! ఎండ నేను తేలేదు, పో! అది దానంతటదే వస్తుంది. నేను కూసినా వస్తుంది, కూయకపోయినా వస్తుంది. అసలు అది వచ్చే వేళకి నాకు ఆకలేసి కూస్తా! గాలి దానిష్టం. చోటు భూదేవిది. నేనేదీ తేలేదు! మూడు పండ్లూ వద్దు, ముప్పై పండ్లూ వద్దు, నన్నొదిలెయ్యండి!"

కోటప్ప నెమరు ఆపి తల పైకెత్తాడు.

"రత్తాలూ, విన్నావా?"

"నేనేగాదు, వాగు అవతలి మేకలు కూడా విన్నయ్యి" అంది రత్తాలు.

తిరపతమ్మ ఇంకా నమ్మలేక అడిగింది. "అయితే పొద్దు నిన్నడక్కుండానే పొడుస్తుందా?"

"పొడుస్తుంది తల్లీ, పొడుస్తుంది!" అని పానకాలు తోక కాళ్ల మధ్య పెట్టుకుని పరుగు తీశాడు. తిరపతమ్మకి ముందు సిగ్గేసింది, ఆ తరువాత నవ్వొచ్చింది. ఆ నవ్వు పిల్లలకి అంటుకుంది. ఆ రోజు మిగిలిన కలుపు ఆరుగురూ కలిసి నవ్వుకుంటూనే తీశారు. నీళ్లు మట్టి ఆరాకే పోశారు, మాగిన పేడ మొదట్లో కొంచెం కొంచెం వేశారు.

ఎండలు ముదిరాయి. చుట్టూ గడ్డి మాడిపోయింది. ముళ్లకంప లోపల మాత్రం పచ్చగా తీగలు పాకాయి, పసుపుపచ్చని పూలు పూశాయి, తేనెటీగలు ముసిరాయి, పిందెలు దిగాయి. ఒక పొద్దున మొదటి దోసపండు పగిలింది. ఆ వాసనకి బొరియలో పిల్లలు ఐదుగురూ ఒకేసారి ముక్కులు ఎగబీల్చారు. ఆ ఏడు వాళ్ల పెదాలకి రెల్లు తగలలేదు. కోటప్పకి తొక్కలు, పాత తీగలు, కోరినన్ని పండ్లు దక్కాయి. రత్తాలు సాక్ష్యం చెప్పినందుకు పగిలిన పండల్లా తనదేనంది. ఎవరూ కాదనలేదు.

వాసన వాగు అవతలికి కూడా పోయింది. మూడోరోజు ముళ్లకంప బయట పానకాలు నిలబడ్డాడు. చూపులు పండ్లమీదున్నాయి.

కోటప్ప కొమ్ములు దించాడు. తిరపతమ్మ ఆయనకి అడ్డం వెళ్లింది. అప్పటికి ఆమె మునుపటి తిరపతమ్మ కాదు.

"అన్నా, ఎండకి నీకు ఒక్క గింజ కూడా ఇవ్వను. గాలికీ ఇవ్వను. చోటుకీ ఇవ్వను. కానీ కుండలు మోశావు, గుంటలు తవ్వావు. అది నీ ఒళ్లు వంచి చేసిన పని. దానికి ఇదిగో" అని బాగా పండిన కాయనొకదాన్ని కంప కిందినుంచి దొర్లించింది.

పానకాలు పండు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఈ పండు ఇంత తీపెక్కడానికి తన కూతే కారణమని చెబుదామని నోరు తెరిచాడు. తెరిచిన నోరు ముందు పండునే పట్టుకుంది. అది పడిపోకుండా పట్టుకుని ఇల్లు చేరేదాకా, ఆ పూటకి అబద్ధం చెప్పే వీలు వాడికి లేకపోయింది.

పిల్లలూ, ఎండా గాలీ అందరికీ ఊరికే వస్తాయి. వాటిని చూపించి పాలు అడిగేవాడికి ముందు ఒక కుండ ఇచ్చి మోయమనండి.